పేరు ఉంచాలా, రాత మార్చాలా, రెండూ మార్చాలా: పాత ఆర్కిటెక్చర్ కార్యాలయాలకు ఒక ఎంపిక సలహా

అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి బెంగళూరుకు చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, జయనగర్‌లోనో బసవనగుడిలోనో ఒక ఇంటి పై అంతస్తులో రెండు డ్రాయింగ్ బల్లలతో ఆర్కిటెక్చర్ కార్యాలయం మొదలుపెట్టిన తెలుగు పెద్దలు ఉన్నారు. అలాంటి చోట్ల ఇప్పుడు రెండో తరం బాధ్యత తీసుకుంటోంది. తరం మారగానే ముందుగా వినిపించే కోరిక లోగో మార్చాలన్నది. గ్రాఫిక్ డిజైనర్‌గా ఇలాంటి కార్యాలయాలకు పనిచేస్తున్న నాకు ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఉన్నదాన్ని సరిదిద్దుకుంటే చాలా, పేరు ఉంచి రూపమంతా కొత్తగా చేయించుకోవాలా, లేక పేరే మార్చుకోవాలా? ఈ మూడింటికీ ఖర్చులోను, శ్రమలోను, ప్రమాదంలోను చాలా తేడా ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాతికేళ్లు దాటిన కార్యాలయానికి, పనులు సక్రమంగా వస్తున్నంత కాలం, మొదటి మార్గమో రెండో మార్గమో సరిపోతుంది. పేరే అడ్డంకిగా మారినప్పుడు మాత్రమే మూడో మార్గం పట్టాలి. అయితే వీటిలో ఏది తగినదో తేల్చడానికి కొత్త నమూనాల అందాన్ని పోల్చి చూడటం చాలదు. ఇన్నాళ్లుగా మిమ్మల్ని ఎరిగినవారు దేన్ని చూసి గుర్తుపడుతున్నారో ముందుగా తెలుసుకోవాలి.

జనం దేన్ని గుర్తుపెట్టుకున్నారు?

హిందూపురం దగ్గర ఒక పాఠశాల భవనం పని జరుగుతున్నప్పుడు అక్కడి మేస్త్రీని ఈ మాటే అడిగాను. ఆ కార్యాలయం లోగో ఎలా ఉంటుందో ఆయనకు గుర్తు లేదు. "రెండు గీతల కాగితమైతే ఆ పెద్ద సారు వాళ్లదే సార్, చూస్తూనే తెలిసిపోతుంది" అన్నాడు. చేత్తో గీసే రోజుల్లో వ్యవస్థాపకుడు ప్రతి షీటు అంచు చుట్టూ ఒకటి లావుగా, ఒకటి సన్నగా రెండు గీతలు గీసేవారట. కంప్యూటర్ వచ్చిన తరువాత కూడా ఆ అలవాటు అలాగే నిలిచింది. మేము చూపిన మొదటి ప్రతిపాదనలో ఆ గీతలు లేవు. మేస్త్రీ మాట విన్నాక వాటిని తిరిగి తెచ్చాము. లోగోను మాత్రం పూర్తిగా మార్చాము, దాని గురించి అడిగినవారు లేరు.

అందువల్ల డిజైనర్‌ను పిలవడానికి ముందే ఒక పని చేయండి. పాత షీట్లు, లెటర్ హెడ్లు, బోర్డు ఫోటోలు, విజిటింగ్ కార్డులు, పోటీలకు పంపిన ప్యానెళ్లు అన్నీ ఒక బల్ల మీద పరచండి. తరువాత పది పన్నెండు మందిని, అంటే ఇద్దరు ముగ్గురు పాత క్లయింట్లను, ఒక కాంట్రాక్టరును, స్ట్రక్చరల్ కన్సల్టెంటును (భవనం బలాన్ని లెక్కించే ఇంజనీరును), మీ దగ్గర పనిచేసి వెళ్లినవారిని, మీ షీట్లు రోజూ ప్లాట్ చేసే, అంటే పెద్ద కాగితాల మీద ప్రింటు తీసే, దుకాణం మనిషిని కూర్చోబెట్టి, మీ లోగోను చూడకుండా గీయమనండి. ఎక్కువమంది ఏదో ఒక ఆకారాన్ని దాదాపు సరిగా గీయగలిగితే ఆ ఆకారానికి విలువ ఉంది, దాన్ని వదులుకోకూడదు. అందరూ పేరు మాత్రమే రాసి ఊరుకుంటే పేరే మీ ఆస్తి, దాని చుట్టూ ఉన్న రూపాన్ని స్వేచ్ఛగా మార్చుకోవచ్చు. పేరు కూడా ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తే అసలు సమస్య లోగోలో లేదన్నమాట.

సరిదిద్దుకోవడం

మొదటి మార్గంలో పేరూ మారదు, గుర్తూ మారదు. దాని గీతలను, అక్షరాల మధ్య ఎడాన్ని, లావును మళ్లీ శ్రద్ధగా గీసి, అన్ని పరిమాణాలకూ పనికివచ్చే అసలు ఫైళ్లు తయారుచేస్తారు. చాలా పాత కార్యాలయాల్లో లోగో అసలు ప్రతి ఎప్పుడో పోయి ఉంటుంది. కాగితం మీద ఉన్నదాన్ని స్కాన్ చేసి, ఆ స్కాన్ మీద ఎవరో గీసి, దాన్ని ఇంకొకరు సాగదీసి వాడుతుంటారు. ఒకే కార్యాలయంలో మూడు రకాల లోగోలు తిరుగుతుండటం నేను చూశాను, ఆ సంగతి భాగస్వాములకు కూడా తెలియదు. అలాంటప్పుడు కొత్తది కావాలన్న కోరికకు కారణం పాత లోగో బాగాలేకపోవడం కాక, అది చెదిరిపోయి ఉండటం కావచ్చు.

వ్యవస్థాపకులు ఇంకా పనిలో ఉన్నవారికి, చేసే పనుల తీరు మారనివారికి ఈ మార్గం తగినది. ప్రకటన అవసరం లేదు, పాత స్టేషనరీ అయిపోయేదాకా వాడుకోవచ్చు. కానీ ఇళ్లు మాత్రమే చేసిన కార్యాలయం ఇప్పుడు ఆసుపత్రులూ విద్యాసంస్థలూ చేస్తూ ఉండి, ఇప్పటికీ పెంకుటిల్లు బొమ్మనే లోగోగా మోస్తుంటే, దాన్ని ఎంత నునుపుగా గీసినా ప్రయోజనం ఉండదు. బెంగళూరు పాత బంగళాల కిటికీల మీద కనిపించే కూచిగా ఉండే చూరును, అంటే ఇక్కడివారు మంకీ టాప్ అని పిలిచేదాన్ని, లోగోగా పెట్టుకుందామని నన్ను అడిగినవారు ఉన్నారు. అది ఈ ఊరి అందమైన వారసత్వమే అయినా, ఊరందరికీ చెందిన వస్తువు ఒక్క కార్యాలయానికి గుర్తు కాలేదు.

పేరు అదే, రూపం కొత్తది

రెండో మార్గంలో లోగోతో పాటు షీటు, నివేదిక, బోర్డు, వెబ్‌సైటు అన్నీ ఒకే పద్ధతిలోకి వస్తాయి. పని ఎక్కువ, ఫలితమూ ఎక్కువే. నమూనాలను పోల్చేటప్పుడు చాలామంది విజిటింగ్ కార్డునో గోడ మీద మెరిసే అక్షరాలనో చూసి మురిసిపోతారు. కానీ ఆర్కిటెక్టు గుర్తింపు అన్నిటికంటే ఎక్కువ కళ్లకు కనిపించే చోటు డ్రాయింగ్ షీటులోని టైటిల్ బ్లాకు, అంటే కార్యాలయం పేరు, షీటు నంబరు వంటివి రాసే గడుల పట్టీ. ఒక మోస్తరు భవనానికే వందలకొద్దీ షీట్లు వెళతాయి. వాటిని క్లయింటు, కన్సల్టెంట్లు, సైట్ ఇంజనీరు, మేస్త్రీ, వడ్రంగి, అనుమతులిచ్చే అధికారి చూస్తారు. అందుకే ఏ ప్రతిపాదన వచ్చినా ముందుగా దాన్ని టైటిల్ బ్లాకులో పెట్టి చూపమని అడగండి.

ఆ పరీక్ష ఇలా చేయాలి. డ్రాయింగులకు వాడే ఏ1 షీటు 841 మిల్లీమీటర్ల పొడవు, 594 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని సైటులో ఏ3కి తగ్గించి ప్రింటు తీస్తే ప్రతి కొలతా సరిగ్గా సగమవుతుంది. ఏ1లో 2 మిల్లీమీటర్లున్న అక్షరం అక్కడ 1 మిల్లీమీటరే. ఆర్కిటెక్టులకు సన్నని గీతల మీద మక్కువ ఎక్కువ, అది నాకు అర్థమవుతుంది, కానీ వెంట్రుక మందాన గీసిన లోగో ఏ3లో, ఆపైన జిరాక్సులో, ఆపైన సైట్ ఇంజనీరు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో మిగలదు. నలుపు ఒక్క రంగులో, ఏ3 ప్రింటును మళ్లీ జిరాక్సు తీసిన కాగితం మీద పేరు చదవగలిగితే ఆ ప్రతిపాదన మొదటి గడప దాటినట్టు. రంగుల గురించి చర్చ ఆ తరువాత పెట్టుకోవచ్చు; సైటులో కట్టడానికి వాడే వర్కింగ్ డ్రాయింగులు సాధారణంగా నలుపులోనే ప్లాట్ అవుతాయి కాబట్టి రంగు మీద ఆధారపడిన గుర్తు ఈ వృత్తికి పనికిరాదు.

టైటిల్ బ్లాకులో ఇంకో చిక్కు ఫాంటుది. కొత్త ఫాంటు మీ యంత్రాల్లో ఉంటుంది, స్ట్రక్చరల్ కన్సల్టెంటు యంత్రంలో ఉండదు. మీ ఆటోక్యాడ్ (డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) ఫైలును ఆయన తెరిచినప్పుడు ఆ స్థానంలో వేరే ఫాంటు వచ్చి, అక్షరాలు గడులు దాటిపోయి, షీటు నంబరు పక్క గడిలోకి జరుగుతుంది. లోగోను అక్షరాలుగా కాక గీతలుగా, హ్యాచ్‌గా (గీతల మధ్య నింపిన ఆకారంగా) మార్చి బ్లాకులో పెట్టడం, మిగిలిన సమాచారానికి అందరి దగ్గరా ఉండే ఫాంటు వాడటం సురక్షితం. డబ్బిచ్చి కొనే ఫాంటు అయితే కంప్యూటర్లకు, వెబ్‌సైటుకు లైసెన్సులు చాలావరకు విడివిడిగా ఉంటాయి; ఇరవై మంది పనిచేసే చోట ఆ లెక్క ముందే చూసుకోవాలి.

బోర్డు: కన్నడం ముందు

బెంగళూరులో రెండో మార్గమైనా మూడో మార్గమైనా ఎంచుకునేవారు ఇంగ్లీషు లోగో ఒక్కటే గీయించుకుని, కన్నడాన్ని చివర్లో బోర్డు రాసేవారికి వదిలేయడం పెద్ద పొరపాటు. 2024లో సవరించిన కర్ణాటక చట్టం ప్రకారం వ్యాపార సంస్థల నామఫలకంలో 60 శాతం కన్నడం ఉండాలి, అది పై భాగంలో ఉండాలి. మరోవైపు 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి ఆర్కిటెక్టు తన పేరును కార్యాలయం బయట, తాను చేసిన భవనం మీద పెట్టుకోవచ్చంటూనే, అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే బోర్డు దానంతట అదే ఒక ఆకారానికి వస్తుంది: పైన కన్నడం సుమారు 9 సెంటీమీటర్లు, కింద ఇంగ్లీషు 6 సెంటీమీటర్లు. ఇంగ్లీషు రాతనే ప్రధానంగా ఊహించుకున్న నమూనా ఈ కొలతల్లో తేలిపోతుంది. కనుక కన్నడ రూపాన్ని మొదటి సమావేశంలోనే అడగాలి.

తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి కావడం వల్ల మనవారు ఇక్కడ ఒక తప్పు చేస్తుంటారు. తెలుగు అక్షరాలకు చిన్న మార్పులు చేస్తే కన్నడమైపోతుందనుకుంటారు. తలకట్టు తీరే వేరు: మనది పైకి లేచే టిక్కు లాంటిది, కన్నడంలో అడ్డంగా సాగే గీత. ఆర్కిటెక్ట్ అన్న మాటలోనే ఇంకో తేడా ఉంది. తెలుగులో 'ర్కి' అంటే రకారం పైన, కకారం కింద వత్తుగా వస్తుంది. కన్నడంలో ముందు కకారం రాసి, దాని తరువాత రకారానికి గుర్తుగా అర్కావొత్తు పెడతారు. వత్తులు కిందికి దిగడం వల్ల రెండు లిపుల్లోనూ వరుస కింద చోటు కావాలి, ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఆ అవసరం లేదు. ఈ లెక్క తెలియని చోట తయారైన బోర్డుల్లో వత్తులు అక్షరం నుంచి విడిపోయి పక్కన నిలబడుతుంటాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోకపోవడమే తరచుగా దీనికి కారణం. ఫలకం కోతకు వెళ్లకముందు కన్నడం బాగా చదవగలిగిన ఇద్దరికి చూపించి తీరాలి.

ఇక్కడ కూడా రెండు దారులున్నాయి. ఒకే తీరు గీతతో అనేక లిపుల్లో వచ్చిన ఫాంటు తీసుకోవచ్చు. ముంబయిలోని ఏక్ టైప్ రూపొందించిన 'అనేక్' కుటుంబంలో లాటిన్‌తో పాటు తొమ్మిది భారతీయ లిపులున్నాయి, అందులో కన్నడమూ తెలుగూ ఉన్నాయి, అది ఉచితంగా వాడుకోదగినది. హిందూపురంలోనో తిరుపతిలోనో పనులున్నవారికి తెలుగులో ఉత్తరాలు రాయవలసిన అవసరం కూడా ఉంటుంది కాబట్టి ఇది సౌకర్యం. రెండో దారి, పేరును మాత్రం అక్షరాలు గీయడం తెలిసిన కళాకారుడి చేత రెండు లిపుల్లో ప్రత్యేకంగా గీయించుకోవడం. పేరు చిన్నదైతే నేను రెండో దారినే సూచిస్తాను, ఎందుకంటే గీసిన అక్షరానికి ఉండే ప్రత్యేకత దొరికే ఫాంటుకు ఉండదు. పేరు పొడవైతే మొదటిది మేలు.

పేరు మార్చడం

పేరు ఎప్పుడు అడ్డంకి అవుతుంది? వ్యవస్థాపకుడు తప్పుకున్నా ఆయన ఒక్కరి పేరే ఉండి, ఇప్పుడు పని చేస్తున్న నలుగురు భాగస్వాములు క్లయింట్లకు కనిపించకుండా పోతున్నప్పుడు. లేదా భాగస్వాములు విడిపోయినప్పుడు. లేదా అదే పేరుతో ఇంకొకరు ఊళ్లో ఉన్నప్పుడు. కేవలం పాతగా వినిపిస్తోందన్నది కారణం కాదు.

వ్యక్తి పేరు పెట్టుకున్న కార్యాలయానికి ఆ పేరు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఎప్పటికైనా వస్తుంది. లండన్‌లో ప్రసిద్ధ ఆర్కిటెక్టు జహా హదీద్ పేరుతో నడిచే కార్యాలయం 2013 నాటి ఒప్పందం ప్రకారం ఆ పేరు వాడుకున్నందుకు తన ఆదాయంలో 6 శాతం చెల్లించవలసి వచ్చింది. 2016లో ఆమె మరణించిన తరువాత కూడా ఆ బాధ్యత కొనసాగి, వ్యవహారం అక్కడి హైకోర్టుదాకా వెళ్లింది. మన కార్యాలయాల స్థాయి వేరు కావచ్చు, కానీ తండ్రి పేరు మీద నడిచే సంస్థలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బయటి భాగస్వాములు ఉన్నప్పుడు పేరు ఎవరిదో కాగితం మీద ఉండటం అందరికీ మంచిది. పెద్దాయన ఆరోగ్యంగా, చురుకుగా ఉన్నప్పుడే ఆ మాట కదిలించాలి.

పొడి అక్షరాలకు కుదించుకోవడం చాలామందికి తోచే మధ్యేమార్గం. షికాగోలో 1936లో మొదలైన స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ ఆర్కిటెక్చర్ సంస్థను లోకమంతా ఎస్‌ఓఎం అనే పిలుస్తుంది. కానీ ఆ మూడక్షరాల వెనుక దశాబ్దాల పని ఉంది, జనం ముందే అలా పిలుస్తున్నారు. మీ క్లయింట్లు మిమ్మల్ని ఇప్పటికే పొడి అక్షరాలతో పిలుస్తుంటే మీరూ ఆ దారి పట్టవచ్చు. పిలవకపోతే కొత్తగా అలవాటు చేయడం కష్టం. పైగా ఇంగ్లీషులో మూడు అక్షరాల్లో ముగిసేది కన్నడంలో రాసేసరికి ఎస్, ఓ, ఎం అంటూ ఉచ్చారణలుగా విడిపోయి, ఆ పొందిక పోతుంది.

వ్యక్తితో సంబంధం లేని పేరు మూడో రకం. నార్వేలోని స్నోహెట్టా అనే ఆర్కిటెక్చర్ సంస్థ 1989 నుంచి ఒక పర్వతం పేరుతో నడుస్తోంది. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం బెంగళూరు ప్రాంగణాన్ని రూపొందించిన, 2018లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రఖ్యాత ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన బాలకృష్ణ దోశీ కూడా తన కార్యాలయానికి తన పేరు పెట్టుకోలేదు, వాస్తుశిల్ప అన్నారు. ఇలాంటి పేరు తరాలు మారినా నిలుస్తుంది. అయితే స్థలం, రూపం, రేఖ వంటి మాటలు ఈ వృత్తిలో ఎంతోమంది వాడేసినవి, ట్రేడ్‌మార్క్‌గా నమోదు కావడం కష్టం. ట్రేడ్‌మార్క్ నమోదులో వ్యాపారాలను తరగతులుగా విడదీస్తారు, ఆర్కిటెక్చర్ సేవలు 42వ తరగతిలోకి వస్తాయి. పేరు ఖాయం చేసుకునే ముందే ఆ తరగతిలో వెతికించాలి. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్కో తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగిలినవారికి 9,000 రూపాయల రుసుము ఉంది. దరఖాస్తును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించిన తరువాత నాలుగు నెలలదాకా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు.

పేరు మారితే భాగస్వామ్య పత్రం, పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్‌టీ నమోదు, నడుస్తున్న ఒప్పందాలు అన్నీ కదులుతాయి. జీఎస్‌టీలో మార్పు జరిగిన 15 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నమోదు మాత్రం వ్యక్తులది కాబట్టి సంతకం చేసే ఆర్కిటెక్టు నంబరు మారదు. అనుమతికి దాఖలై ఉన్న ప్లాన్ల విషయంలో ఇది కొంత ఊరట.

ఎవరిచేత చేయించుకోవాలి?

ఆర్కిటెక్టులు తమ లోగో తామే గీసుకోవాలనుకోవడం సహజం. ఇళ్లు గీసేవారికి రెండక్షరాలు గీయడం చేతకాదా అని అడిగినవారున్నారు. చేతనవుతుంది, కానీ తమ విషయంలో తాము తీర్పు చెప్పుకోవడం కష్టం, భాగస్వాముల మధ్య అది ఎడతెగని చర్చ అవుతుంది. నా సలహా ఏమంటే గుర్తును, అక్షరాలను బయటివారు గీయాలి. టైటిల్ బ్లాకును, షీట్ల టెంప్లేట్లను, నివేదికల అమరికను ఆ గీతల ఆధారంగా మీ కార్యాలయంలోని డ్రాఫ్టింగ్ బాగా తెలిసినవారు కట్టాలి. ఆ భాగం ఏ డిజైనర్‌కంటే మీవారికే బాగా తెలుసు.

బయటివారిలో పెద్ద బ్రాండింగ్ సంస్థ, చిన్న డిజైన్ స్టూడియో, స్వతంత్ర డిజైనర్ అని మూడు రకాలున్నారు. పదిమంది నుంచి నలభై మంది దాకా ఉన్న ఆర్కిటెక్చర్ కార్యాలయానికి పెద్ద సంస్థ అవసరం లేదు. అక్కడ మీతో మొదటిరోజు మాట్లాడినవారూ పని చేసేవారూ ఒకరే కాకపోవచ్చు. సరిదిద్దే పనికి స్వతంత్ర డిజైనర్ చాలు. రెండో, మూడో మార్గాలకు ముగ్గురు నలుగురున్న స్టూడియో, ముఖ్యంగా భారతీయ లిపులతో చేసిన పని చూపించగలిగినది, సరిపోతుంది.

ఎవరినైనా ఒప్పందం లేకుండా పెట్టుకోవద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక కార్యాలయం అంతకుముందు మరొకరిచేత లోగో చేయించుకుని, చేతికి ఒక్క జేపెగ్ ఫైలు మాత్రమే పొంది, అసలు ఫైలు కోసం రెండేళ్లు తిరిగింది. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేగా భావిస్తారు. శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించుకోవాలి. వెబ్‌సైటులో వాడే భవనాల ఫోటోలకూ ఇదే జాగ్రత్త అవసరం.

మార్పు ఒక్కసారిగానా, మెల్లగానా?

బోర్డు, వెబ్‌సైటు, లెటర్ హెడ్ ఒకే రోజున మారడం మంచిది, లేకపోతే చూసేవారికి రెండు సంస్థలనిపిస్తుంది. ఆ సందర్భంగా పత్రికల్లో ప్రకటనలు ఇవ్వాలనుకునేవారు పైన చెప్పిన నియమావళిని చదవాలి. ఆర్కిటెక్టు తన సేవలను ప్రకటించుకోవడాన్ని అది పరిమితం చేస్తుంది; పేరు, హోదా తెలిసిన క్లయింట్లకు పంపే బ్రోషరుకు అనుమతి ఉంది. పాత, కొత్త క్లయింట్లకు ఒక్కొక్కరికి పేరుపేరునా ఉత్తరం రాయడం వృత్తి మర్యాదకూ తగినది, వారికీ నచ్చుతుంది.

డ్రాయింగులను మాత్రం ఒక్క రోజులో మార్చకండి. చాలా కార్యాలయాల్లో టైటిల్ బ్లాకు ఒక ఎక్స్‌రెఫ్ ఫైలుగా, అంటే బయటి నుంచి ముడిపెట్టిన ఒకే ఫైలుగా, అన్ని షీట్లకూ జతచేసి ఉంటుంది. దాన్ని మార్చేస్తే ఒక్క క్షణంలో అన్నీ కొత్తవవుతాయి, కానీ రెండేళ్ల కిందట సైటుకు పంపిన షీటును మళ్లీ ప్రింటు తీసినా కొత్త రూపంతోనే వస్తుంది. రేపు కాంట్రాక్టరుతో వివాదం వస్తే మీరు చూపే కాగితం ఆయన చేతిలో ఉన్నదానితో పోలికే లేకుండా ఉంటుంది. నిర్మాణానికి విడుదలైన డ్రాయింగులున్న ప్రాజెక్టును పాత బ్లాకుతోనే ముగించండి, కొత్త ప్రాజెక్టులకే కొత్తది వాడండి. పాత విడుదలలన్నిటినీ పీడీఎఫ్‌గా విడిగా దాచండి. పాత ఈమెయిల్ చిరునామాలను కూడా నడవనివ్వండి, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందటి షీటు చేత్తో పట్టుకుని, మేడ మీద ఇంకో అంతస్తు వేయడానికి, అందులో ఉన్న చిరునామాకే ఇంటివారు రాస్తారు.

పూర్తయిన భవనాల మీద పాత పేరుతో ఉన్న ఫలకాలను తీయించవద్దు. ఆ భవనాన్ని ఆ పేరుతో ఉన్న కార్యాలయమే గీసింది. ఏ భవనం మీద ఏ పేరుందో కార్యాలయంలో ఒక పట్టిక రాసి ఉంచితే, ఆ ఫలకం చూసి ఫోన్ చేసినవారికి ఎత్తినవారు తడబడకుండా జవాబు చెప్పగలుగుతారు.